ఎర్రనీళ్లొచ్చిన ఏడు మెన్సియా అక్క భోజనం

మెన్సియా అక్క తింటుంటే చూసినవాళ్లకి ఆకలేస్తుంది. మా చేపల బజారులో ఎవర్ని అడిగినా ఇదే చెబుతారు. వంట చేసే ఆడవాళ్లకి మా ఊళ్లో కొదవ లేదు. పొద్దున్నించీ పొయ్యి దగ్గర మాడి, అందరికీ పెట్టి, ఆఖరికి నిలబడే నాలుగు ముద్దలు మింగి గిన్నెలు కడుక్కోడానికి పోయేవాళ్లే అందరూ. ఆమె మాత్రం కూర్చుని తింటుంది. చేతులు కడుక్కుని, జుట్టు ముడేసుకుని, కుర్చీ లాక్కుని, పళ్లెం వైపు ఒకసారి నిండుగా చూసి అప్పుడు చెయ్యి పెడుతుంది. ఆ సమయంలో మేయరొచ్చినా పాదిరిగారొచ్చినా ఆగాల్సిందే.

మా ఊరు మనీలా అఖాతం ఒడ్డున, కవీతె వైపు. బజారులో ఒక వరసంతా మాది, చేపలమ్మేవాళ్లది. ఎదురు వరస వంటకొట్లది. మా దగ్గర చేపో పీతో కొనుక్కుని ఎదురుగా వెళ్లి చేతికిస్తే, ఎలా కావాలో అడిగి అలా వండి పెడతారు. ఆ వరసలో చివరి కొట్టు మెన్సియాది. రేకుల కప్పు, ప్లాస్టిక్ కుర్చీలు, గోడకి బాలయేసు పటం, దాని పక్కనే ఎర్రకాగితం మీద బంగారురంగులో ఒక చైనా అక్షరం. దానర్థం ఏంటని ఎవరన్నా అడిగితే, మా తాతకి తెలుసు, ఆయన్ని అడగాలంటే సమాధుల దొడ్డికెళ్లాలి, ముందు అన్నం తిను అనేది.

ఆ తాత చైనాలోని ఆమోయ్ రేవు నుంచి ఓడలో వచ్చాడట. కావడికి ఒకవైపు మూకుడు, ఒకవైపు నూడుల్స్ బుట్ట పెట్టుకుని వీధులు తిరిగి అమ్మాడు. ఇక్కడి ఉప్పుమడుల పిల్లని చేసుకుని ఇక్కడే ఉండిపోయాడు. ఆయన కొడుకు కావడి దించి కొట్టు పెట్టాడు. అందుకే ఆ కొట్టులో ఏది చైనా వంటో ఏది మాదో ఎవరికీ తెలీదు. అల్లం వేసి ఆవిరి మీద ఉడికించిన చేప వాళ్లదంటారు, పక్కన పెట్టే పుల్లటి కలమన్సి నిమ్మరసం మాదంటారు. రెండూ కలిపి జుర్రుకునేటప్పుడు ఆ లెక్క ఎవరికి కావాలి?

ఆమెకి ఇరవై ఏళ్లప్పుడు తండ్రి ఒక సంబంధం తెచ్చాడు. మనీలాలో ఇనప సామాను కొట్టు, చైనావాళ్లే, బాగా ఉన్నవాళ్లు. పిల్లాణ్ణి భోజనానికి పిలిచారు. మెన్సియా తన చేత్తో పీతలు వండి పెట్టింది. ఆ పిల్లాడు మాట్లాడుతూనే తిన్నాడు. రేకుల ధరలు, మేకుల ధరలు చెబుతూ తిన్నాడు. ఒక్కసారి కూడా పళ్లెం వైపు చూడలేదు, పీత గుల్లలో గుడ్డు ఎర్రగా నిండి ఉంటే దాన్ని పక్కకి నెట్టేశాడు. వాళ్లెళ్లాక ఆమె తండ్రితో, ఏం తింటున్నాడో తెలియనివాడికి ఎవర్ని చేసుకున్నాడో మాత్రం ఏం తెలుస్తుంది, నేను చేసుకోను అంది. తండ్రి చాలాకాలం మాట్లాడలేదు. ఆమె పట్టించుకోలేదు. రోజూ ఆయన పక్కనే నిలబడి మూకుడు తిప్పింది. ఆ తర్వాత ఎవరినీ చేసుకోలేదు కూడా.

తండ్రి పోయాక కొట్టు తమ్ముడు ఇస్కోకి రావాలని మనీలా నుంచి పెదనాన్నలు దిగారు. ఇస్కోకి పొయ్యి వేడి పడదు. అఖాతంలో వెదుళ్లు పాతి, వాటికి పట్టే ఆల్చిప్పలు పెంచుకుంటే చాలన్నాడు. అలా తమ్ముడికి నీళ్లు, అక్కకి నిప్పు పంచుకున్నారు. పెదనాన్నలు గొణుక్కుంటూ పోయారు. పోతూ పోతూ ఆమె చేతి నూడుల్స్ మాత్రం పొట్లాలు కట్టించుకున్నారు.

ఇదంతా నేను పుట్టకముందు మాట. నా పేరు నార్సా. ఆమె కొట్టుకి సరిగ్గా ఎదురుగా నా చేపల బల్ల. మా అమ్మ తర్వాత నేను కూర్చున్నాను.

ఆ ఏడు ఎండలు ముదిరాక సముద్రానికి ఎర్రనీళ్లొచ్చాయి. మాకది కొత్త కాదు. నీళ్లలో ఏదో పుడుతుంది, ఆల్చిప్పలు దాన్ని తాగి విషమవుతాయి. మైకు బండి వచ్చి చెప్పిపోయింది: ఆల్చిప్పలు, గుల్లలు, రొయ్యపొట్టు తినొద్దు, అమ్మొద్దు. చేపలు, స్క్విడ్లు, పీతలు, పెద్ద రొయ్యలు తాజాగా ఉంటే పేగులు తీసి బాగా కడిగి వండుకోవచ్చు. జనం మొదటి ముక్క విని కిటికీలు మూసుకున్నారు. రెండో ముక్క ఎవరి చెవికీ ఎక్కలేదు. ఆదివారాలు మనీలా నుంచి కుటుంబాలతో వచ్చే వ్యాన్లు ఆగిపోయాయి. మా ఊరివాళ్లే మమ్మల్ని చూసి ముక్కు మూసుకుని పోవడం మొదలెట్టారు. సాయంత్రానికి మంచు కరిగిపోయేది, చేపలు పిల్లులకి పోయేవి. మా బజారు పిల్లులు ఆ ఏడు ఒళ్లు చేసినట్టు ఎప్పుడూ చెయ్యలేదు.

అప్పుడొచ్చాడు కౌన్సిలర్ ఆర్సెనియో. మా ఊరివాడే, జాలరి కొడుకే. చదువుకుని ఎన్నికల్లో నెగ్గాడు. తెల్లచొక్కా, చేతిలో చిన్న ఫ్యాను. నీళ్లు బాగుపడేదాకా వంటకొట్లన్నీ మూసెయ్యండి, ప్రజల ఆరోగ్యం అన్నాడు. బజారు వెనక అతని స్నేహితుడు ఒకాయన ఏసీ హోటలు కడుతున్నాడని, దానికి కార్లు నిలిపే జాగా లేదని అందరికీ తెలుసు. ఒకసారి మూసిన కొట్లు మళ్లీ తెరుచుకోవని కూడా తెలుసు. అయినా వ్యాపారం లేక నీరసించిన వాళ్లు తలూపారు. మెన్సియా ఊపలేదు.

"చేపలు తినొచ్చని మీ మైకే చెప్పింది కదా బాబూ" అంది.

"చెప్పింది అక్కా. కానీ జనానికి భయంగా ఉంది."

"భయమైతే భయం పోగొట్టండి. మా పొయ్యి ఆర్పుతారేంటి?"

ఆర్సెనియో నవ్వి, నీకు చెప్పేవాళ్లు లేరక్కా అని వెళ్లిపోయాడు.

మర్నాడు ఆమె నా బల్ల దగ్గరికొచ్చి బతికున్న లాపులాపు చేపని వేలితో చూపించింది. నేను చెప్పిన ధరకి బేరమాడకుండా తీసుకుంది. నాకు అప్పుడే భయమేసింది. ఆమె బేరమాడకుండా చేప కొనడం మా అమ్మ కాలంలో కూడా జరగలేదు.

పన్నెండయ్యేసరికి కొట్లోంచి ఒక బల్ల ఈడ్చుకొచ్చి రోడ్డు వారన, జనాన్ని ఎక్కించుకుని తిరిగే జీప్నీ బళ్లు మలుపు తిరిగే చోట వేసింది. ఎండకి ఒక గొడుగు కట్టింది. లోపల చేప ఆవిరి మీద ఉడుకుతున్న వాసన. కాసేపటికి పొడవాటి పళ్లెం తెచ్చి బల్ల మీద పెట్టింది. చేప మీద దారాల్లా తరిగిన అల్లం, ఉల్లికాడలు, చుట్టూ సోయా రసం. చిన్న గిన్నెతో కాగిన నూనె పట్టుకొచ్చి అందరూ చూస్తుండగా దాని మీద పోసింది. చుయ్యిమన్న ఆ చప్పుడు బజారంతా వినిపించింది. తర్వాత కూర్చుంది. అన్నం కలుపుకుని, చేప బుగ్గ దగ్గర మెత్తటి ముక్క వేళ్లతో తీసి, కలమన్సి పిండుకుని నోట్లో పెట్టుకుంది. కళ్లు మూసుకుంది.

మలుపులో జీప్నీ నెమ్మదించింది. లోపలినుంచి ఎవడో తల బయటికి పెట్టాడు.

"పెద్దమ్మా, వీలునామా రాశావా?"

"రాశాను. సాక్షి సంతకానికి మనిషి లేడు, దిగు" అంది ఆమె నమలడం ఆపకుండా.

జీప్నీ మొత్తం నవ్వింది. ఎవరూ దిగలేదు గానీ, అందరూ మెడలు తిప్పి ఆ పళ్లెం కనుమరుగయ్యేదాకా చూశారు. ఆ చూపు నాకు తెలుసు. అది భయపడ్డవాళ్ల చూపు కాదు.

మర్నాడు మళ్లీ. ఆ రోజు పుల్లగా తియ్యగా ఎర్రటి రసంలో వేయించిన చేప. ఆ తర్వాత ఉప్పూ మిరియాలూ చల్లి కరకరలాడించిన స్క్విడ్. ఒక రోజు పీతలు. రాయితో గుల్ల పగలగొట్టి, గుడ్డు వేలితో తీసి అన్నంలో కలుపుకుని, ఒక్కో కాలూ పీల్చి పిప్పి చేసి పక్కన గుట్టగా పోసింది. రోజూ అదే వేళకి, అదే మలుపులో. రోజూ ఎవడో ఒకడు జీప్నీలోంచి, ఇంకా బతికే ఉన్నావా పెద్దమ్మా అనేవాడు. రేపు రొయ్యలు, వచ్చి చూసుకో అనేది.

వారం తిరిగేసరికి నన్ను కేకేసింది.

"ఏమే నార్సా, ఇలా వచ్చి కూర్చో."

బేరాలున్నాయక్కా అన్నాను. నా బల్ల ముందు పిల్లులు తప్ప ఎవరూ లేరు.

"నీ చేప నువ్వే తినకపోతే ఇంకెవడు తింటాడే?"

వెళ్లి కూర్చున్నాను. మొదటి ముద్ద నోట్లో పెట్టాక ఇంక రోడ్డు మీద ఉన్న సంగతే గుర్తులేదు. నా పక్క బల్ల ఎస్తేర్ మర్నాడు వచ్చింది. ఆ తర్వాత ట్రైసికిల్ నడిపేవాళ్లు ఇద్దరు, మేం కూడా సాక్షులమే అంటూ వచ్చి కూర్చున్నారు. బల్ల పక్కన ఇంకో బల్ల వేశాం.

అలా జరుగుతుండగా ఒక రోజు పొద్దున్నే ఇస్కో వచ్చాడు. భుజం మీద తడి గోతం. వెనక గుమ్మంలోంచి లోపలికొచ్చి నేల మీద దించాడు. నేను అప్పుడు చేపలివ్వడానికి వెళ్లి అక్కడే ఉన్నాను. గోతంలో ఆల్చిప్పలు, ఆకుపచ్చగా మెరుస్తూ, ఒక్కోటి బొటనవేలంత. మంచి పంట. ఆ ఏడు అతని వెదుళ్లన్నీ నిండా పట్టాయి, అమ్మే దారి లేదు.

జనం నీ దగ్గర తింటున్నారక్కా, ఇవీ పెట్టు అన్నాడు. బాగా మరిగిస్తే ఏమీ కాదట, పక్క ఊళ్లో చాటుగా అమ్ముతున్నారట. ఆమె గోతం మూతి కట్టేసింది.

"మరిగించినా ఆ విషం పోదురా. తీసుకెళ్లి పారెయ్."

"అంటే నీ చేపలు మంచివి, నా ఆల్చిప్పలు చెడ్డవి. రోడ్డు మీద కూర్చుని ఊరందరికీ ధైర్యం చెబుతున్నావు, తమ్ముడికి మాత్రం చెప్పవు."

"నేను రోజూ రోడ్డు మీద తినేది నిజం కాబట్టి తింటున్నాను. ఇది పెడితే నేనూ ఆర్సెనియో ఒకటే."

"నా పిల్లలు ఏం తినాలి?"

"ఇక్కడికి పంపు. నాతో తింటారు."

ఇస్కో మొహం నల్లబడింది. గోతం అక్కడే వదిలేసి, నీ అన్నం నాకొద్దు అని వెళ్లిపోయాడు. ఆమె గోతాన్ని తనే ఈడ్చుకెళ్లి, కొట్టు వెనక గొయ్యి తీసి, పిల్లులు కూడా తవ్వకుండా పైన రాళ్లు పేర్చింది. ఆ మధ్యాహ్నం బల్ల దగ్గర కూర్చుంది గానీ రెండు ముద్దలకే చెయ్యి కడిగేసుకుంది. ఆమె పళ్లెంలో తిండి మిగిల్చి లేవడం నేను చూసింది ఆ ఒక్క రోజే.

కొన్నాళ్లకి పక్క ఊళ్లో ఆల్చిప్పలు తిని పెదాలు తిమ్మిరెక్కి, ఊపిరాడక కొందరు ఆసుపత్రి పాలయ్యారని తెలిసింది. అందరూ బతికి బయటపడ్డారు. ఆ మర్నాడు ఇస్కో పిల్లలు ముగ్గురూ మధ్యాహ్నానికి వచ్చి బల్ల దగ్గర నిలబడ్డారు. వాళ్లని ఎవరు పంపారని ఆమె అడగలేదు. కుర్చీలు వేసింది. వాళ్ల నాన్న మాత్రం వానలు పడ్డాక గానీ రాలేదు.

ఆసుపత్రి కబురుతో ఆర్సెనియోకి బలమొచ్చింది. బజారు మొగలో పెద్ద ప్లాస్టిక్ గుడ్డ కట్టించాడు, ఒకవైపు తెల్లగా, ఒకవైపు ఎర్రక్షరాలతో: ఇక్కడ సముద్రపు తిండి తింటే బాధ్యత మీదే. అక్షరాల కింద అతని నవ్వు మొహం కూడా అచ్చేశారు. మర్నాడు పొద్దున చూస్తే గుడ్డ లేదు. మధ్యాహ్నం చూస్తే మెన్సియా బల్లల మీద పరిచి ఉంది, తెల్లవైపు పైకి.

ఆర్సెనియో ఇద్దరు బజారు కాపలావాళ్లని వెంటబెట్టుకుని వచ్చేసరికి బల్లల చుట్టూ పదిమందిమి ఉన్నాం. మధ్యలో పెద్ద లాపులాపు, పక్కన నూడుల్స్ కొండలా పోసిన పళ్లెం. అతని నుదుటి మీద చెమట.

"అక్కా, అది మునిసిపాలిటీ గుడ్డ."

"మంచి గుడ్డ. నూనె పడినా తుడిస్తే పోతోంది."

ఎవరో కిసుక్కుమన్నారు. ఇదంతా జరిమానా దాకా పోతుందని, కొట్టు లైసెన్సు పోతుందని ఆర్సెనియో గట్టిగా చెప్పాడు. ఆమె లేచి, ఖాళీ కుర్చీ ఒకటి తుడిచి, అతని వైపు తిప్పింది.

"కూర్చో ఆర్సెనియో. మీ నాన్న వలలో పడ్డ చేపలు అమ్మిన రోజున నిన్ను భుజం మీదెక్కించుకుని ఇక్కడికే తెచ్చేవాడు. ఈ చేప తిను. తిని, ఇది విషం అని ఇంతమంది ముందు చెప్పు. నీ చేత్తోనే నా పొయ్యి ఆర్పుకో."

"నాకు భోజనమైంది."

"ఒక్క ముద్ద."

"మీటింగుంది అక్కా."

కుర్చీ అలాగే ఉంది. అతను కూర్చోలేడు, వెళ్లలేడు. కాపలావాళ్లు నూడుల్స్ వైపు చూస్తున్నారు.

అప్పుడు మలుపులో ట్రైసికిల్ ఒకటి ఆగింది. అందులోంచి గొడుగు ముందు, మనిషి తర్వాత దిగారు. ఆర్సెనియో తల్లి చారింగ్ అవ్వ. ఎనభై దాటిన మనిషి. ఆమెని ఎవరూ పిలవలేదు, ఈ గొడవ సంగతి కూడా ఆమెకి తెలీదు. తనపాటికి తను వచ్చింది. కొడుకుని చూసి ఆశ్చర్యపోయింది.

"నువ్వూ ఇక్కడే ఉన్నావా. మంచిదైంది, జరుగు."

జరిగాడు. అవ్వ అతని కోసం వేసిన కుర్చీలో కూర్చుని, గొడుగు అతని చేతికిచ్చింది.

"మెన్సియా, అన్నం పెట్టవే. వీడు నెలరోజులుగా నాకు కోడికూర తప్ప ఇంకోటి పెట్టనివ్వడం లేదు. ఇంకో కోడిని చూస్తే నేనే కూసేట్టున్నాను."

నవ్వు ఆపుకోవడం ఎవరి వల్లా కాలేదు. అమ్మా, ఇంటికెళ్దాం, నీళ్లు బాగాలేవు అన్నాడు ఆర్సెనియో మెల్లగా. అవ్వ అప్పటికే చేప పొట్ట దగ్గర ముక్క తీసి నోట్లో పెట్టుకుంది. ముల్లు నాలుకతో వేరుచేసి తీసిన తీరు చూస్తే ఎన్నేళ్ల అలవాటో తెలుస్తుంది.

"మీ నాన్న ఈ నీళ్లలోనే యాభై ఏళ్లు వల వేశాడు. ఎర్రనీళ్లు ఎన్నిసార్లు చూశామో. ఆల్చిప్పలు మానేసేవాళ్లం, చేపలు తినేవాళ్లం. నువ్వు ఆ చేపలు తినే ఇంతవాడివయ్యావు. నీకిప్పుడేమైంది?"

ఒకవైపు చేప అయిపోయింది. కాపలావాళ్లలో ఒకడు, వాడు ఎప్పుడు కూర్చున్నాడో ఎవరూ చూడలేదు, చేపని రెండోవైపు తిప్పబోయాడు. అవ్వ వాడి చేతి మీద చెంచాతో ఒక్కటేసింది.

"తిప్పకు. పళ్లెంలో చేపని తిరగేస్తే సముద్రంలో పడవలు తిరగబడతాయి."

తనే వెన్నెముక పట్టుకుని మెల్లగా లేపి తీసేసింది. కింద తెల్లటి కండ మిగిలింది.

"అమ్మా" అన్నాడు ఆర్సెనియో.

"నువ్వెళ్లు నాయనా. నీకు మీటింగుంది కదా."

ఆర్సెనియో గొడుగుని కుర్చీకి ఆనించి వెళ్లిపోయాడు. ఆ మధ్యాహ్నం జీప్నీ ఒకటి మలుపులో నిజంగానే ఆగింది. అందులోంచి ఆరుగురు దిగి, నా బల్ల మీదున్న చేపలన్నీ ఊడ్చుకుపోయి మెన్సియా చేతిలో పెట్టారు. కౌన్సిలర్ తల్లి తిన్నదే మాకూ కావాలన్నారు.

కొట్లు మూయమన్న హుకుం మళ్లీ రాలేదు. అలాగని అంతా సుఖంగా ముగిసిపోలేదు. వరస మొదట్లో ఉన్న కొట్టువాళ్లు అప్పటికే మూసేసి మనీలాలో కూలికి వెళ్లిపోయారు, తిరిగి రాలేదు. ఆ జాగాలో ఇప్పుడు కార్లు నిలుపుతారు. మెన్సియా కొట్టుకి నీళ్ల కుళాయి ఏదో రిపేరని చాలాకాలం ఆపేశారు. మేమంతా బిందెలతో మోశాం. నీళ్లు మోయించుకున్న పూట ఆమె ఎవర్నీ తినకుండా వెళ్లనివ్వలేదు. వానలు గట్టిగా పడ్డాక సముద్రం తేటపడింది. ఇస్కో ఒక రోజు వచ్చి పిల్లల పక్కన కూర్చున్నాడు. ఆమె అతని పళ్లెంలో అన్నం వడ్డించి, నీళ్లు బిందెలో ఉన్నాయి, చేతులు కడుక్కో అంది. అంతే.

ఆర్సెనియో మళ్లీ నెగ్గాడు. మనుషులు అలాగే ఉంటారు. మరుసటి ఏడాది అతనే మునిసిపాలిటీ తరఫున సముద్రపు తిండి పండగ పెట్టించాడు. వేదిక, దీపాలు, బ్యాండు. మన ఊరి రుచిని కాపాడిన అక్క అని మెన్సియాని పిలవడానికి మనుషుల్ని పంపాడు. తెల్ల టోపీ పెట్టుకుని వేదిక మీద అందరి ముందూ వంట చేసి చూపించాలట, తర్వాత శాలువా కప్పుతారట.

"వండటానికి రాను. తినడానికి వస్తానని చెప్పు" అంది.

వాళ్లు వెనక్కెళ్లి ఏం చెప్పారో తెలీదు. పండగ రోజు ఆమె తన దగ్గరున్న ఒకే ఒక పూల గౌను వేసుకుని, నన్నూ చారింగ్ అవ్వనీ వెంటబెట్టుకుని వెళ్లి, పెద్దమనుషుల పేర్లు అంటించిన ముందు వరస కుర్చీల్లో కూర్చుంది. కుర్చీ మీద అంటించిన కాగితం తీసి పక్కన పెట్టింది. ఎవరూ లేపలేదు. వేదిక మీద ఏసీ హోటలు వంటవాడు తెల్ల టోపీతో చెమటలు కక్కుతూ లాపులాపు ఉడికించి, మొదటి పళ్లెం ముందు వరసకి పంపాడు. మెన్సియా అక్క ఒక ముక్క తీసుకుని, చాలాసేపు నమిలి, మా వైపు వంగింది.

"అల్లం తక్కువేశాడు" అంది. పళ్లెం మాత్రం వదల్లేదు.